ఆ ఆకు లేకపోతే ఏ ఆకు?

వంటలో వాడే ఆకుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు ఎక్కువగా ఒకే చోటికి వస్తున్నాయి. రెసిపీలో రాసిన ఆకు ఇంట్లో లేదు, దాని బదులు ఏం వేయాలి, ఎంత వేయాలి? ఒక ఆకు పేరుకు ఎదురుగా ఇంకో ఆకు పేరు రాసిపెట్టిన పట్టికలు చాలానే ఉన్నాయి. కేవలం వాటిని నమ్ముకుంటేనే వంట చెడుతోంది. ఆ ఆకు ఆ వంటలో ఏం పని చేస్తోందో ముందు తేల్చుకోవాలి. వాసన కోసమా, పచ్చదనం కోసమా, ఘాటు కోసమా, లేక ముద్ద చిక్కగా రావడానికా? అది తేలితే బదులు ఆకు దానంతట అదే దొరుకుతుంది. కింది జవాబుల్లో టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ అంటే 15, కప్పు అంటే 240 మిల్లీలీటర్లు.

ప్రశ్న: టమాటా సాస్ రెసిపీలో పావు కప్పు తరిగిన తాజా బేసిల్ అని ఉంది. నా దగ్గర ఎండు బేసిల్ ఉంటే అదే పావు కప్పు వేశాను. సాస్ చేదెక్కి, తింటుంటే నాలుకకు పొడిపొడిగా తగిలింది. ఎంత వేయాల్సింది?

జవాబు: పావు కప్పు అంటే 4 టేబుల్ స్పూన్లు. ఎండు ఆకు అయితే 4 టీస్పూన్లు సరిపోయేది. మీరు వేసింది 12 టీస్పూన్లు, అంటే మూడింతలు. తాజా ఆకులో ఎక్కువ భాగం నీరే. ఎండితే ఆ నీరు పోయి ఆకు ముడుచుకుంటుంది, చెంచాలో మూడింతల ఆకు పడుతుంది. అందుకే తాజా ఆకు ఒక టేబుల్ స్పూన్ అన్నచోట ఎండుది ఒక టీస్పూన్ వేయమంటారు. మెత్తగా పొడి చేసి అమ్మేదైతే అందులోనూ పావు వంతు తగ్గించండి.

ఈ మూడింట ఒకటి లెక్క అన్ని ఆకులకూ ఒకేలా నప్పదు. ఒరెగానో, థైమ్, రోజ్‌మేరీ, సేజ్ లాంటివి గట్టి ఆకులు. ఎండినా వాటి నూనెలు చాలావరకు ఆకులోనే నిలుస్తాయి కాబట్టి లెక్క దాదాపు సరిగ్గా కుదురుతుంది. బేసిల్, పుదీనా, డిల్ మధ్యస్తం. ఎండాక వాసన కొంత మారుతుంది, కొంత తగ్గుతుంది. ఇక కొత్తిమీర, పార్స్లీ, చైవ్స్ ఎండితే మిగిలేది ఎండుగడ్డి వాసనే. వాటికి ఏ లెక్కా పనిచేయదు. ఎండు కొత్తిమీర నాలుగు చెంచాలు వేసినా తాజా కొత్తిమీర వాసన రాదు. ఉన్న వేరే తాజా ఆకు వేయడమే మేలు.

ఎంత వేశారన్నది ఒకటైతే ఎప్పుడు వేశారన్నది ఇంకొకటి. తాజా బేసిల్ పొయ్యి కట్టేశాక వేయాలి, రెండు నిమిషాలు ఉడికితే చాలు దాని తీపి వాసన ఆవిరితో పోతుంది. ఎండు ఆకును చివర్లో చల్లితే నానక, పొడిగా నోటికి తగులుతుంది. మీకు తగిలింది అదే. అరచేతిలో వేసి బాగా నలిపి, ఉల్లిపాయ వేగిన నూనెలో సన్నని సెగ మీద 20 సెకన్లు తిప్పి, ఆ వెంటనే టమాటా వేయండి. కనీసం 15 నిమిషాలు ఉడకనివ్వండి. మొదట 3 టీస్పూన్లే వేసి, ఉడికాక రుచి చూసి నాలుగోది వేయడం మంచిది. నలిపినప్పుడు వాసన రాకపోతే ఆ సీసాను పక్కన పెట్టేయండి. పాతబడి వాసన పోయిన ఆకును రెట్టింపు వేస్తే వాసన పెరగదు, చేదు మాత్రం పెరుగుతుంది.

ప్రశ్న: ఒరెగానో దొరకడం లేదు. మా ఇంట్లో వాము ఆకు మొక్క ఉంది. రెండిటి వాసనా దగ్గరగా అనిపిస్తుంది. వాడొచ్చా?

జవాబు: మీ ముక్కు సరిగ్గానే పట్టింది. ఒరెగానో ఘాటుకు కారణం కార్వక్రాల్ అనే పదార్థం, థైమ్ ఘాటుకు థైమాల్. ఈ రెండూ రసాయనికంగా ఒకే తీరువి. వాము ఆకులో ఈ రకం పదార్థాలే ముఖ్యమైనవి, వాము గింజల్లో థైమాల్ ఎక్కువ. అందుకే వాటిని నలిపినప్పుడు ఒకే చుట్టరికం తెలుస్తుంది.

అయితే వాము ఆకు దళసరి. విరిస్తే నీళ్లూరుతుంది, నూగు ఉంటుంది, నమిలితే కాస్త వగరు. ఎండు ఒరెగానోలా పైన చల్లితే బాగుండదు. ఒక టీస్పూన్ ఎండు ఒరెగానో బదులు మధ్యస్తమైన వాము ఆకు ఒకటి తీసుకుని, ఈనె తీసేసి, చాలా సన్నగా తరగండి. సాస్ మొదలుపెట్టే నూనెలో ఆ తరుగు వేసి చిటపటలు ఆగేదాకా, సుమారు 40 సెకన్లు వేయించండి. నీరు పోయాక పసరు వాసన తగ్గి ఒరెగానోకు దగ్గరగా వస్తుంది. టమాటా సాస్‌కీ, చిక్కుడు గింజల సూప్‌కీ, వేయించిన బంగాళాదుంపలకీ ఇది చక్కగా నప్పుతుంది. సలాడ్‌లో పచ్చిగా వద్దు.

వాము గింజలైతే చిటికెడు మాత్రమే, అంటే టీస్పూన్‌లో ఎనిమిదో వంతు, నలిపి నూనెలో వేయండి. అంతకు మించితే వంటంతా వామే అవుతుంది.

వాము ఆకు కూడా లేకపోతే మార్జోరమ్ అన్నిటికంటే దగ్గర. అది ఒరెగానోకు సోదర మొక్కే కానీ మెత్తన, తీపి వాసన. కాబట్టి ఒక టీస్పూన్‌కు ఒకటిన్నర వేసి, చివరి 10 నిమిషాల్లో కలపండి. ఎండు థైమ్ అయితే ముప్పావు టీస్పూన్. ఇటాలియన్ సీజనింగ్ అని అమ్మే ఎండు ఆకుల మిశ్రమంలో ఒరెగానోతో పాటు బేసిల్, థైమ్, తరచూ రోజ్‌మేరీ కూడా కలిసే ఉంటాయి. అది వేసినప్పుడు రెసిపీలో విడిగా రాసిన బేసిల్, థైమ్‌లను తగ్గించడం చాలామంది మరిచిపోతారు.

ప్రశ్న: మా ఇంట్లో ఒకరికి కొత్తిమీర వేస్తే సబ్బు తిన్నట్టు ఉంటుందట. ధనియాల పొడి మాత్రం ఇష్టంగానే తింటారు. ఇది మంకుతనమా? దాని బదులు ఏం వేయాలి?

జవాబు: మంకుతనం కాదు. కొత్తిమీర వాసన ఆల్డిహైడ్లనే పదార్థాల నుంచి వస్తుంది. సబ్బుల్లో తగిలే వాసన కూడా ఈ జాతిదే. ఓఆర్6ఏ2 అనే వాసన గ్రాహక జన్యువు దగ్గరి తేడాకీ, కొందరికి ఈ సబ్బు వాసన ఎక్కువగా తెలియడానికీ సంబంధం ఉందని తేలింది. ధనియాల్లో ప్రధానమైనది లినలూల్, దాని వాసన పూర్తిగా వేరు. అందుకే వాళ్లు ధనియాలు తినగలుగుతున్నారు. కొత్తిమీర బదులు ధనియాల పొడి పనికిరాకపోవడానికీ కారణం అదే. ఒకే మొక్కవైనా ఆ రెండూ రెండు వేర్వేరు దినుసులుగా చూడాలి.

బదులు ఏది అన్నది కొత్తిమీర ఎక్కడ పడుతుందో దాన్ని బట్టి ఉంటుంది.

పైన చల్లడానికైతే వెడల్పు ఆకుల పార్స్లీ అంతే కొలతలో వేయండి. పార్స్లీకి పచ్చదనం ఉంది, పులుపు వైపు మొగ్గే ఆ చురుకు లేదు. రెండు టేబుల్ స్పూన్ల పార్స్లీకి పావు టీస్పూన్ నిమ్మ తొక్క తురుము కలిపితే ఆ లోటు తీరుతుంది. తొక్క మీది పసుపు పొర మాత్రమే తురమండి, కింది తెల్ల పొర చేదు.

రుబ్బే పచ్చళ్లకైతే మూడింట రెండు వంతులు పార్స్లీ, ఒక వంతు పుదీనా. పూర్తిగా పుదీనానే వేస్తే చల్లదనం మిగతా రుచుల్ని మింగేస్తుంది. కొత్తిమీర కాడలు లేతగా, రుచిగా ఉంటాయి కాబట్టి కలిపి రుబ్బుతాం. పార్స్లీ కాడలు నారగా ఉంటాయి, వాటిని సూప్ మరిగేటప్పుడు వేసి తీసేయండి.

కులాంత్రో అని పొడవాటి రంపపు అంచుల ఆకు ఒకటి ఉంటుంది. కొత్తిమీరకు అదే సరైన బదులని చాలాచోట్ల రాస్తారు. కొత్తిమీర ఇష్టపడేవాళ్లకు అది నిజమే. ఇంకా ఘాటు కాబట్టి సగం వేస్తే చాలు, ఉడికినా నిలుస్తుంది. కానీ దాని వాసనా ఆల్డిహైడ్లదే. మీ ఇంట్లోవాళ్లకు అది ఇంకా ఎక్కువ సబ్బులా తోస్తుంది, వద్దు.

ఇంకో దారి ఉంది. కొత్తిమీరను మెత్తగా నూరి ఓ పావుగంట అలా వదిలేస్తే ఆకులోని ఎంజైములు ఆ ఆల్డిహైడ్లను కొంతవరకు మార్చేస్తాయి. సబ్బు వాసన కొందరికి తట్టుకోగలిగేంతగా తగ్గుతుంది. ముందు ఒక చెంచాడు చేసి రుచి చూపించండి.

ప్రశ్న: రోజ్‌మేరీ బదులు థైమ్ ఎంత వేయాలి? రెసిపీలో "రెండు రెమ్మలు" అని మాత్రమే ఉంది.

జవాబు: రెమ్మ లెక్క నమ్మదగింది కాదు, ఆకు రాల్చి కొలవండి. నాలుగైదు అంగుళాల రోజ్‌మేరీ రెమ్మ నుంచి సుమారు ఒక టీస్పూన్ తరిగిన ఆకు వస్తుంది. రెండు రెమ్మలంటే రెండు టీస్పూన్లు. దాని బదులు రెండున్నర టీస్పూన్ల తాజా థైమ్ ఆకు వేసి, పావు టీస్పూన్ ఎండు సేజ్ కలపండి. రోజ్‌మేరీలో కర్పూరపు ఛాయ ఉంటుంది, థైమ్‌లో అది లేదు, సేజ్‌లో ఉంది. ఆ పావు చెంచా వల్లే తేడా తెలుస్తుంది. తిరగేసి థైమ్ బదులు రోజ్‌మేరీ వేయాల్సి వస్తే సగం కొలతే, అదీ సన్నగా తరిగి. ఎండు రోజ్‌మేరీ ఆకులు సూదుల్లా ఉంటాయి, ఎంత ఉడికినా పూర్తిగా మెత్తబడవు. దంచి వేయండి, లేదా పల్చటి గుడ్డలో మూటకట్టి వేసి తీసేయండి.

ప్రశ్న: బే లీఫ్ అన్నచోట బిర్యానీ ఆకు వేస్తున్నాను. రెండూ ఒకటే కదా?

జవాబు: ఒకటి కాదు. రెండూ ఒకే కుటుంబానికి చెందిన చెట్లే, ఆకులు మాత్రం వేరు. చేతిలో పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూడండి. బిర్యానీ ఆకులో తొడిమ దగ్గర నుంచి కొన వైపు మూడు ఈనెలు పొడవునా సాగుతాయి. బే ఆకులో నడుమ ఒక్కటే ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ సన్నని ఈనెలు చీలుతాయి. సగానికి విరిచి వాసన చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. బిర్యానీ ఆకుది లవంగం, దాల్చినచెక్క వైపు వాసన. బే ఆకుది యూకలిప్టస్ వైపు.

అందుకే పాల సాస్‌లోనో, కూరగాయల సూప్‌లోనో బే బదులు బిర్యానీ ఆకు వేస్తే మసాలా వాసన దూరుతుంది. అక్కడ ఒక బే ఆకు బదులు పావు టీస్పూన్ ఎండు థైమ్ వేయడమే మంచిది. బిర్యానీ ఆకు లేనప్పుడైతే ఒక బే ఆకు, ఒక లవంగం, అంగుళం దాల్చినచెక్క కలిపి వేయండి. ఈ రెండిట్లో ఏ ఆకైనా 20 నిమిషాలు ఉడికితేనే వాసన దిగుతుంది. వడ్డించే ముందు తీసేయాలి. అవి మెత్తబడవు, ముక్కలైతే అంచులు గొంతులో గుచ్చుకుంటాయి. ముక్కలు చేసి వేయవద్దనేది అందుకే.

ప్రశ్న: బేసిల్ లేకుండా పెస్తో చేయాలి. పాలకూరతో చేస్తే గడ్డి నమిలినట్టు ఉంది. మా పెరటి తులసితో చేయొచ్చా?

జవాబు: పెస్తోలో ఆకు రెండు పనులు చేస్తుంది. ముద్దకు చిక్కదనం ఇస్తుంది, వాసనా ఇస్తుంది. పాలకూర మొదటి పని ఒక్కటే చేయగలదు. రెండో పనికి ఇంకో ఆకు తోడు కావాలి.

కొలతలు ఇవి: అదిమి కొలిచిన ఆకు 2 కప్పులు, బాదం లేదా వాల్‌నట్ 30 గ్రాములు, తురిమిన పార్మెజాన్ లాంటి గట్టి చీజ్ 50 గ్రాములు, వెల్లుల్లి ఒక రెబ్బ, నూనె 100 మిల్లీలీటర్లు, ఉప్పు తగినంత. ఆకు పాళ్లు మూడు రకాలుగా చేయొచ్చు. పార్స్లీ ఒకటిన్నర కప్పులు, పుదీనా అర కప్పు వేస్తే అన్నిటికంటే బాగుంటుంది. కొత్తిమీర 2 కప్పులతో చేస్తే చివర్లో ఒక టీస్పూన్ నిమ్మరసం కలపండి. పాలకూర ఒక కప్పు వేయాలనుకుంటే పార్స్లీ అర కప్పు, పుదీనా అర కప్పు కలపండి. అరుగులా ఆకుకు ఆవ ఘాటు ఉంది కాబట్టి అర కప్పుకు మించవద్దు.

తులసి వాసనలో యూజినాల్ ఎక్కువ, లవంగం వాసన కూడా దానిదే. రెండు కప్పులు వేస్తే తినలేరు. పై పాళ్లలో పుదీనా బదులు పావు కప్పు తులసి వేసి చూడండి. సోంపు వాసన వచ్చే థాయ్ బేసిల్ అయితే ఒక కప్పు దాకా వేసి, మిగతాది పార్స్లీ చేయండి. ఎండు బేసిల్‌తో పెస్తో కుదరదు, ముద్ద కట్టడానికి అందులో ఏమీ లేదు.

చేసే తీరు కూడా ముఖ్యం. నలిగిన ఆకును గాలి తగిలితే ఎంజైములు నల్లబరుస్తాయి. ఆకును మరిగే నీళ్లలో 10 నుంచి 15 సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, గట్టిగా పిండండి. రంగు నిలుస్తుంది. కాస్త వాసన తగ్గుతుంది కాబట్టి పుదీనాను మాత్రం ముంచకుండా పచ్చిదే వేయండి. పిండడం సరిగ్గా చేయకపోతే నీరు దిగి ముద్ద విరిగినట్టు అవుతుంది. గింజలు, వెల్లుల్లి ముందు తిప్పి, తర్వాత ఆకు వేసి, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మిక్సీలో వేసి ఎక్కువసేపు వేగంగా తిప్పితే చేదు తేలవచ్చు. గిన్నెలోకి తీశాక చెంచాతో కలపడం మంచిది. నిమ్మరసం వడ్డించేటప్పుడే. పులుపు తగిలిన ఆకుపచ్చ కాసేపట్లో గోధుమ ఛాయకు తిరుగుతుంది.

ప్రశ్న: కరివేపాకు బదులు ఏం వేయాలి?

జవాబు: ఏమీ వేయకండి. నిమ్మ తొక్క, తులసి, బిర్యానీ ఆకు అని రాసేవి చూస్తున్నాం, వీటిలో ఏదీ ఆ వాసనకు దగ్గరగా రాదు. లేనిదాన్ని వదిలేసిన వంట బాగానే ఉంటుంది, సంబంధం లేని వాసన చేరిన వంట ఉండదు. ఆకు దొరికినప్పుడు కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, గాలి చొరని సంచిలో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. తీసిన వెంటనే, కరగనివ్వకుండా నూనెలో వేయండి. మంచు వల్ల చిమ్ముతుంది, మూత పట్టుకోండి. రంగు నల్లబడినా వాసన ఎండు ఆకు కంటే చాలా మెరుగు.

ప్రశ్న: పెరుగు సాస్‌లోకి డిల్ కావాలి. డిల్ గింజలు ఉన్నాయి, పొడి చేసి వేయొచ్చా?

జవాబు: వద్దు. గింజల్లో కార్వోన్ ఎక్కువ, షాజీరాను పోలిన కారవే గింజల్లో ఉండేదీ అదే. పెరుగులో వేస్తే రొట్టెల మీద చల్లే గింజల వాసన వస్తుంది. గింజలు ఊరవేసే ద్రవంలోకి పనికొస్తాయి. డిల్ ఆకు ఒక టేబుల్ స్పూన్ బదులు సోంపు మొక్క లేత ఆకు అంతే వేయండి. అది కాస్త తీపిగా ఉంటుంది కాబట్టి నాలుగు చుక్కల నిమ్మరసం అదనం. టారగాన్ అయితే ఒక టీస్పూన్ చాలు. ఎండు డిల్ ఆకు ఉంటే ఒక టీస్పూన్ పెరుగులో కలిపి అరగంట ఫ్రిజ్‌లో నాననివ్వండి.

ప్రశ్న: బదులు ఆకు ఎక్కువైపోయింది. సూప్‌లో థైమ్ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. మూత తీసి ఇంకా మరిగిస్తే పోతుందా? బంగాళాదుంప వేస్తే పీల్చుకుంటుందా?

జవాబు: మరిగిస్తే సూప్‌లోని నీరే ముందు పోతుంది. థైమాల్ అంత తేలిగ్గా పోదు, మిగిలిన సూప్‌లో ఇంకా చిక్కబడినట్టు అనిపిస్తుంది. బంగాళాదుంప ఆ ఘాటును వెతికి పీల్చుకోదు. తనలోకి కొంత ద్రవం తీసుకుంటుంది, మిగతా ద్రవం అంతే ఘాటుగా ఉంటుంది.

ముందు వడకట్టి ఆకు తీసేయండి. ఆకు లోపల ఉన్నంతసేపూ ఇంకా దిగుతూనే ఉంటుంది. తర్వాత కొవ్వు కలపండి. లీటరు సూప్‌కు 100 మిల్లీలీటర్ల క్రీమ్ గానీ కొబ్బరి పాలు గానీ. ఈ ఆకుల వాసన నూనెల్లో ఉంటుంది, నూనెలు కొవ్వులో కరుగుతాయి, అలా కరిగిన వాసన నోట్లోకి నెమ్మదిగా విడుదలవుతుంది. అందుకే ఘాటు తగ్గినట్టు ఉంటుంది. అప్పటికీ చాలకపోతే ఆకు వేయని సూప్ ఇంకో సగం చేసి కలపడం ఒక్కటే దారి. చక్కెర వేయకండి, తీపీ ఘాటూ రెండూ విడివిడిగా మిగులుతాయి.

ప్రశ్న: కట్టలో సగం ఎప్పుడూ పాడవుతోంది. ఆకును నూనెలో ముంచి సీసాలో ఉంచుకుంటే బదులు వెతుక్కునే పనే ఉండదు కదా?

జవాబు: బయట అలా ఉంచవద్దు. తాజా ఆకు, వెల్లుల్లి లాంటివి నూనెలో మునిగితే గాలి తగలదు, తడీ ఉంటుంది, పులుపు ఉండదు. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరగడానికి కావలసినవి అవే. వాసనలోనూ, రంగులోనూ తేడా తెలియకపోవచ్చు. అలా చేసిన నూనెను ఫ్రిజ్‌లోనే ఉంచి 4 రోజుల్లోపు వాడేయాలి.

ఎక్కువ రోజులకు ఫ్రీజర్ ఉంది. ఆకు తరిగి, ఐసు ట్రేలో గడికి ఒక టేబుల్ స్పూన్ చొప్పున వేసి, మునిగేలా నీళ్లు గానీ నూనె గానీ పోసి గడ్డకట్టించండి. బేసిల్, సేజ్ నూనెతో బాగుంటాయి, కొత్తిమీర, పార్స్లీ, పుదీనా నీళ్లతో. గట్టిపడ్డాక ముక్కలను సంచిలో వేసి పేరూ తేదీ రాయండి, గడ్డకట్టాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వీటిని పైన చల్లడానికి వాడలేం, కరిగితే ఆకు వాడిపోయి ఉంటుంది. సూప్, సాస్, కూరల్లోకైతే ఒక ముక్కను తాజా ఆకు ఒక టేబుల్ స్పూన్‌గానే లెక్కేసుకోండి. పొయ్యి కట్టే రెండు నిమిషాల ముందు నేరుగా గిన్నెలో వేసేయొచ్చు.